కత్తిరించిన ఆకుపచ్చ వైరు

రిటైరయ్యానంటే నా వయసు చూసి నవ్వుతారు. నాకు ముప్పై ఏడేళ్ళు. కానీ పద్నాలుగేళ్ళు ఒకే బల్ల ముందు, ఒకే స్టూలు మీద కూర్చుని చేసిన పనిని పోయిన ఏడాది పూర్తిగా వదిలేశాను. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికీ సోల్డరింగ్ ఐరన్‌కీ సంబంధం లేదు. ఆ పని వరకు నేను రిటైరైనవాణ్ణే.

రాజమండ్రిలో ఆడియో రిపేరు షాపు. ఓనరు సుబ్బారావు గారు, పనివాణ్ణి నేను. ఆంప్లిఫయర్లు, ఎకో మిషన్లు, మిక్సర్లు బాగుచేసేవాళ్ళం. మిక్సర్ అంటే నాలుగైదు మైకుల శబ్దాన్ని కలిపి ఆంప్లిఫయర్‌కి పంపే పెట్టె. బోర్డు మీద ఆ మాట చూసి నెలకొకరైనా పచ్చడి రుబ్బే మిక్సీ తెచ్చేవారు. సుబ్బారావు గారు వాళ్ళనీ తిప్పి పంపేవారు కాదు.

నేను చదివిన పాలిటెక్నిక్‌లో ఇప్పుడు చదువుతున్న కొందరు, ఈ పని నేర్చుకోవచ్చా అని అడిగారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. చెప్పాల్సినవి మూడు. పవర్ సప్లై ఎలా పనిచేస్తుంది, నాకు పని నేర్పినాయన ఎలాంటివారు, నేను చేసిన తప్పేంటి. మొదటి రెండూ తెలియకపోతే మూడోది అర్థం కాదు. అసలు చెప్పాల్సింది మూడోదే.

లస్కరు గారి తలుపు

మైకు నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని వందల రెట్లు పెంచాలి. సర్క్యూట్‌కి ఇచ్చే కరెంటులో మురికి ఉంటే, అది సిగ్నల్‌లో కలిసి దానితోపాటే పెరుగుతుంది. అందుకే మిక్సర్ లోపల కదలిక లేని డీసీ కావాలి. మామూలుగా ప్లస్ పదిహేను, మైనస్ పదిహేను వోల్టులు. గోడ సాకెట్‌లో ఉన్నది రెండొందల ముప్పై వోల్టుల ఏసీ. అది ఇదిగా మారడానికి నాలుగు మెట్లు.

ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్. రెండొందల ముప్పైని పద్దెనిమిదికి దించుతుంది. రెండు వైపులా పద్దెనిమిది, మధ్యలో సున్నా.

రెండు, నాలుగు డయోడ్ల బ్రిడ్జి. ఏసీ సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. బ్రిడ్జి రెండు ఊపుల్నీ ఒకే దిక్కుకి తిప్పుతుంది. కాబట్టి దాని తర్వాత సెకనుకి వంద గుట్టలు వస్తాయి. ఈ వందని గుర్తుపెట్టుకోండి.

మూడు, ఫిల్టర్ కెపాసిటర్లు. గుట్ట వచ్చినప్పుడు నిండి, పల్లం వచ్చినప్పుడు ఇస్తాయి. గుట్ట శిఖరం దాకా నిండుతాయి కాబట్టి ఇక్కడ వోల్టేజీ పద్దెనిమిది కాదు, ఇరవై నాలుగు దాకా ఉంటుంది. అయినా పూర్తిగా చదును కాదు, ఒక వోల్టు మేర అల మిగిలే ఉంటుంది.

నాలుగు, రెగ్యులేటర్. మూడు కాళ్ళ చిన్న ఐసీ. పైనుంచి ఎంత వచ్చినా కింద పదిహేను మాత్రమే వదులుతుంది. మిగిలినదాన్ని వేడిగా మార్చి పారేస్తుంది. కాబట్టే ఈ రకం సప్లై బరువు, వేడి, దండగ. కాబట్టే నిశ్శబ్దం కూడా. దానికి ఒకటే షరతు. పైన ఉన్న వోల్టేజీ, అల అడుగున కూడా, కింద కావలసిన దానికంటే కనీసం రెండు వోల్టులు ఎక్కువ ఉండాలి. అంటే పదిహేడు.

సుబ్బారావు గారు ఇలా చెప్పేవారు కాదు. వాళ్ళ నాన్నగారు గోదావరి కాలువ లాకుల దగ్గర లస్కరు. "పైన నీళ్ళు ఎంత ఎగిరిపడినా కింద కాలవలో మట్టం కదలకూడదు. దానికోసం తలుపు దించుతూ ఎత్తుతూ కూర్చునేవాడు మా నాన్న. రెగ్యులేటర్ అంటే ఆయనే," అనేవారు.

మరి పైనే నీళ్ళు తగ్గిపోతే ఏం చేస్తారండి అని అడిగాను.

"తలుపు పూర్తిగా ఎత్తేసి బీడీ కాల్చుకుంటాడు. పైనెంతో కిందా అంతే. లస్కరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

నవ్వి, ఆ మాటని నోటుపుస్తకంలో రాసుకున్నాను. అది గుర్తు రావలసిన రోజున మాత్రం రాలేదు.

మొదటి నెల

చేరిన మొదటి నెలలోనే ఒక మిక్సర్ తగలబెట్టాను. ప్లస్ రెగ్యులేటర్ వెనకున్న రేకు గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. మైనస్ రెగ్యులేటర్ రేకు గ్రౌండ్ కాదు, లోపలికి వచ్చే వోల్టేజీ. అందుకే రెండింటినీ ఒకే అల్యూమినియం ముక్కకి బిగించేటప్పుడు మధ్యలో మైకా పొర పెట్టాలి. నేను పెట్టలేదు. స్విచ్ వేయగానే పొగ. సుబ్బారావు గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, "డిప్లొమా పుస్తకంలో ఆ పేజీ ఎలుకలు కొట్టేశాయేంటి అబ్బాయ్?" అన్నారు. అంతే. కోప్పడలేదు. కస్టమరుతో తప్పు తనదేనని చెప్పి, ఇంకో రెండు రోజులు గడువు అడిగారు.

అది నాకు మంచి పాఠం అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే సగం పాఠమే. తప్పు చేస్తే నా బదులు ఒప్పుకునే మనిషి ఒకరు ఉంటారని కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

చెవి, కట్టర్

ఆయన చెవి లాంటి చెవి నేను ఇంకెవరికీ చూడలేదు. సెట్టు విప్పకముందే స్పీకరు దగ్గర తల వంచి జబ్బు చెప్పేవారు. ఉప్పాడ నుంచి వచ్చే సెట్లకైతే చెవి కూడా అక్కర్లేదు. ఉప్పుగాలికి ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి, వాసనే చెప్పేస్తుంది.

స్పీకరులో వచ్చే హమ్ రెండు రకాలని నేర్పింది ఆయనే. యాభైది లోతైన మూలుగు, నిద్రలో మనిషి మూలిగినట్టు ఉంటుంది. వందది దానికంటే పైన, ఇసుక కలిసినట్టు గరగర. యాభై అయితే జబ్బు బయట ఉంది, వైర్లలో, ఎర్త్‌లో. వంద అయితే లోపల ఉంది, పవర్ సప్లైలో. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇంకేమీ నేర్చుకోకపోయినా ఈ తేడా వినడం నేర్చుకోండి.

ఇంత చెవి ఉన్న మనిషి, హడావుడి పడితే మాత్రం కట్టర్ తీసేవారు. మిక్సర్‌కి ఒక దారిలో, ఆంప్లిఫయర్‌కి ఇంకో దారిలో ఎర్త్ ఉంటే, రెండింటి మధ్యా ఆడియో కేబుల్ ఉంటుంది కాబట్టి ఒక చుట్టు ఏర్పడుతుంది. ఆ చుట్టులో చిన్న కరెంటు తిరిగి యాభై మూలుగు పుడుతుంది. సరైన మందు, కేబుల్ మీది జల్లెడ తీగని ఒక చివర విడదీయడం. దానికి కేబుళ్ళన్నీ విప్పాలి. నాటు మందు, మిక్సర్ లోపలికి వచ్చే ఆకుపచ్చ ఎర్త్ వైరుని కత్తిరించేసి టేపు చుట్టడం. అర నిమిషం పని. మూలుగు టక్కున ఆగిపోతుంది. కస్టమరు మొహం వెలిగిపోతుంది.

ఈ పని మా షాపు ఒక్కటే చేసేది కాదు. మైకుసెట్ల లైన్‌లో నేను చూసినవాళ్ళందరూ చేసేవారు. ఎర్త్ చేసే మేలు ఎవరికీ కనపడదు. అది తెచ్చే హమ్ మాత్రం ఊరంతటికీ వినపడుతుంది. సుబ్బారావు గారిని నేను గౌరవిస్తాను. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన నేర్పింది తప్పు, అది తప్పని ఆయనకీ తెలుసు.

సత్తిబాబు గారి మిక్సర్

సత్తిబాబు గారిది ఆకివీడు వైపు ఒక ఊరు. చుట్టూ రొయ్యల చెరువులు. మైకుసెట్ ఆయన బతుకు. పెళ్ళిళ్ళకీ వెళ్ళేవారు గానీ పేరు మాత్రం పద్యనాటకాల వల్ల వచ్చింది. నటుడు పద్యం చివర రాగం తీసేటప్పుడు ఆయన కుడిచేతి వేళ్ళు మిక్సర్ మీటల మీద వెంట్రుకవాసి కదిలేవి. రాగం సన్నబడే చోట గొంతుని పైకి లేపి, మళ్ళీ ఎవరికీ తెలియకుండా దించేసేవారు. ఆయన సెట్టు లేకపోతే స్టేజీ ఎక్కనన్న నటులున్నారు.

ఆయనకి తోడు దుర్గారావు, భార్య మంగ గారి తమ్ముడు. దుర్గారావుకి ఒక అలవాటు ఉండేది. ఏ ఊరు వెళ్ళినా ముందు స్టేజీ వెనక తడి నేల వెతికి నాలుగడుగుల ఇనుప రాడ్ దిగ్గొట్టి, గుప్పెడు కళ్ళుప్పు వేసి, రెండు బిందెల నీళ్ళు పోసి, దానికి సెట్టు ఎర్త్ కలిపేవాడు. ఎవరూ నేర్పలేదు, ఎక్కడో చూసి పట్టుకున్నాడు. సత్తిబాబు గారు నవ్వేవారు. "ఏరా, స్వామికి అభిషేకం అయిందా? ఇక మైకు టెస్ట్ చేసుకోమన్నాడా?" అనేవారు.

ఒకసారి వాళ్ళ మిక్సర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అసలుది పద్దెనిమిది వోల్టులది. షాపులో పదిహేను వోల్టులదే ఉంది. మర్నాడు వాళ్ళకి నాటకం. నేను కాగితం మీద లెక్క వేశాను. పదిహేను వోల్టుల ఏసీ డీసీగా మారితే ఇరవై. అల పోను పంతొమ్మిది. కావలసింది పదిహేడు. రెండు వోల్టుల వెసులుబాటు. చాలు అనుకున్నాను. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ సైజు వేరు కాబట్టి కన్నాలు కొత్తగా వేశాను. దాని ప్రైమరీ వైరు ఒకటి, అంటే గోడ సాకెట్ నుంచి రెండొందల ముప్పై తెచ్చేది, పెట్టె రేకు అంచుని ఆనుకుని వెళ్ళింది. రేకు వైరుని కోయకుండా అక్కడ రబ్బరు బుష్ వేయాలి. తర్వాత వేద్దామనుకున్నాను. స్విచ్ వేస్తే సెట్టు గుడిలా నిశ్శబ్దంగా ఉంది. మా బల్లకి స్టెబిలైజర్ ఉంది. దాని మీద ఎప్పుడూ రెండొందల ముప్పయ్యే.

నాలుగో రోజు సత్తిబాబు గారు మిక్సర్ భుజాన వేసుకుని వచ్చారు.

"ఏం చేశారండి రవిగారూ దీన్ని? కృష్ణుడు పద్యం ఎత్తుకోబోతా ఆగిపోయి, 'ఏవయ్యా, శంఖం నన్ను ఊదమంటావా, నువ్వే ఊదుతావా' అన్నాడండి, జనం అందరి ముందూ."

సుబ్బారావు గారు కూడా నవ్వారు. ఎప్పుడు మొదలవుతోందని అడిగాను. సాయంత్రం చీకటి పడ్డాక, ముందు బాగానే ఉంటోంది అన్నారు. చీకటి పడ్డాకే ఎందుకు అని నేను అడగలేదు. హమ్ ఎలా ఉందో ఒకసారి గొంతుతో అనుకరించి చూపించమనీ అడగలేదు. బల్ల మీద పెట్టి వేశాను, నిశ్శబ్దం. మా దగ్గర లేదు, అక్కడ ఉంది, కాబట్టి జబ్బు బయటిదే అనుకున్నాను. బయటిదంటే ఎర్త్. దుర్గారావు అభిషేకం మరీ ఎక్కువైందని నేనూ ఒక జోకు వేశాను. కట్టర్ తీసి ఆకుపచ్చ వైరు కత్తిరించి టేపు చుట్టాను.

ఆ తర్వాతి మూడు నాటకాలూ జనరేటర్ మీద జరిగాయి. హమ్ లేదు. సత్తిబాబు గారు ఫోన్ చేసి మెచ్చుకుని, తమ ఊరి చెరువు రొయ్యలు ఎవరి చేతో పంపించారు. తిన్నాను.

ఒక సాయంత్రం

నేను అక్కడ లేను. తర్వాత విన్నది రాస్తున్నాను. మధ్యాహ్నం వాన కురిసి ఆగింది. సాయంత్రం ఐదింటికి స్టేజీ మీద మైకు టెస్ట్. ఎడమచెయ్యి మిక్సర్ మీద పెట్టి, కుడిచేత్తో స్టేజీ ఇనుప గొట్టం పట్టుకుని కిందికి వంగారట సత్తిబాబు గారు. ఇక చేతులు రాలేదు. దుర్గారావు పరిగెత్తుకొచ్చి మెయిన్ వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆలస్యం చేసి ఉంటే మనిషి దక్కేవాడు కాదని భీమవరంలో డాక్టరు గారు చెప్పారట. మనిషి దక్కాడు. కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. మిగిలిన మూడూ మడత పడవు.

తప్పెవరిదన్న మాట అదే రోజు మొదలైంది. వైర్లు వేసింది దుర్గారావు. రాడ్ దిగ్గొట్టింది దుర్గారావు. భూమిలోకి వైరు వేస్తే భూమిలోని కరెంటు పైకి రాదా అన్నవాళ్ళున్నారు. ఫేజు వైరు తీసుకెళ్ళి ఎర్త్‌కి కలిపేశాడని చెప్పినవాళ్ళున్నారు. దుర్గారావు కాదనలేదు. మంగ గారు ఆసుపత్రి వరండాలో అందరి ముందూ తమ్ముడితో, మా గడప తొక్కకు అన్నారట. అతను తొక్కలేదు.

అదే పెట్టె

నెల తర్వాత మిక్సర్ మళ్ళీ మా బల్ల మీదికి వచ్చింది. సెట్టు అమ్మేస్తున్నాం, కండిషన్‌లో ఉందో లేదో చూడమని సత్తిబాబు గారు పంపించారు. సుబ్బారావు గారు మూత విప్పి చాలాసేపు చూశారు. నేనూ చూశాను. ప్రైమరీ వైరు రేకు అంచుకి ఒరుసుకుని, పైతొడుగు చీలి, రాగి మెరుస్తోంది. ఆటోల్లో అన్ని ఊర్లు తిరిగిన పెట్టె అది.

"ఎర్త్ కత్తిరించిందెవరు?" అన్నారు.

"నేనేనండి."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నేర్పింది నేనే కదా," అన్నారు. పెట్టెని నా వైపు జరిపి, "కలిపెయ్. బుష్ వెయ్యి. ఈ మాట మనిద్దరి దగ్గరే ఉండాలి అబ్బాయ్," అన్నారు.

కలిపేశాను. అంత నీటుగా నేను ఎప్పుడూ సోల్డరింగ్ చేయలేదు. పద్దెనిమిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించి అదీ వేశాను. బుష్ వేశాను. నేను తీసిన ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం ఇంటికి తీసుకెళ్ళి, అదే సప్లైని విడిగా కట్టి, వోల్టేజీ తగ్గించే వేరియాక్ అరువు తెచ్చి పరీక్షించాను. రెండొందల ముప్పై దగ్గర నిశ్శబ్దం. రెండొందల పది దగ్గర నిశ్శబ్దం. నూట ఎనభైకి దించగానే స్పీకరులో ఇసుక కలిసిన గరగర. వంద.

లెక్క మళ్ళీ వేశాను. నూట ఎనభై దగ్గర ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే డీసీ పదహారు కూడా లేదు. అల అడుగున పదిహేను లేదు. పైనే నీళ్ళు లేవు, లస్కరు ఏం చేస్తాడు? పాత పద్దెనిమిది వోల్టులదైతే అదే నూట ఎనభై దగ్గర నిక్షేపంగా నిలబడేది. మరి ఆ ఊళ్ళో నూట ఎనభై ఎందుకు ఉంటుంది? చీకటి పడేసరికి చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తారు. లైను కుంగిపోతుంది. జనరేటర్ మీద ఆ కుంగుడు ఉండదు, అందుకే ఆ మూడు నాటకాల్లోనూ హమ్ రాలేదు. డెల్టాలో పుట్టినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నాకూ తెలుసు.

కాబట్టి నా తప్పులు వరుసగా ఇవి.

ఒకటి. వోల్టేజీ తక్కువుండే ఊరికి వెళ్ళే సెట్టుకి మూడు వోల్టులు తక్కువ ట్రాన్స్‌ఫార్మర్ వేశాను.

రెండు. బుష్ వేయలేదు.

మూడు. వందని వినకుండా యాభై అనుకుని ఎర్త్ కత్తిరించాను. అసలు జబ్బుకీ ఎర్త్‌కీ సంబంధమే లేదు.

నాలుగు. ఎర్త్ ఉండి ఉంటే, వైరు రేకుకి తగిలిన మరుక్షణం కరెంటు దుర్గారావు రాడ్ మీదుగా భూమిలోకి పోయి, మిక్సర్‌లోని ఒక ఆంపియరు ఫ్యూజు కొట్టేసేది. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఇది తెలిసీ చెప్పలేదు.

మొదటి మూడూ పనిలో జరిగేవే. వాటిని మీరూ చేస్తారు. నాలుగోది పనిలో భాగం కాదు. ఎనిమిదేళ్ళు చేశాను.

షాపు మూసేశాక

సుబ్బారావు గారు పోయి మూడేళ్ళయింది. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ మా మధ్య రాలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆయన ఎర్త్ వైరు కత్తిరించగా నేను చూడలేదు. కేబుళ్ళన్నీ విప్పేవారు, ఎంతసేపైనా. ఆయన పోయాక షాపు నేను నడిపాను. ఇప్పుడు వచ్చే పెట్టెల్లో చేత్తో ఎత్తలేని ట్రాన్స్‌ఫార్మర్ లేదు, వేలంత స్విచింగ్ సప్లై ఉంటుంది. పోతే బోర్డు మొత్తం మారుస్తారు, లేదా పారేస్తారు. రిపేరుకి వచ్చేవి తగ్గి, చివరికి ఆగిపోయాయి. షాపు ఖాళీ చేస్తుంటే నా నోటుపుస్తకం దొరికింది. ఆ మిక్సర్ పేజీలో ట్రాన్స్‌ఫార్మర్ లెక్క ఉంది. దాని కింద, "ఎర్త్ తీశాను, ఓకే" అని నా అక్షరాలే.

సత్తిబాబు గారి ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. గుర్తుపట్టి, ఎడమచేత్తో కుర్చీ చూపించారు. గోడ మీద మంగ గారి ఫొటోకి దండ వేసి ఉంది. రెండేళ్ళ కిందట పోయారట, నాకు తెలియదు. అంతా చెప్పాను, వరుసగా, ఒకటి నుంచి నాలుగు దాకా. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. 

"నాకెందుకండి ఇప్పుడు ఇది?" అన్నారు. "వేళ్ళెలాగూ రావు. ఆడున్నాడు. ఆడికి చెప్పండి." లోపలికి వెళ్ళిపోయారు. టీ తాగమనలేదు. ఆ ఇంట్లో నాకు టీ ఇవ్వకపోవడం అదే మొదటిసారి.

దుర్గారావు రెండూళ్ళ అవతల చెరువుల మీద పనిచేస్తున్నాడు. ఏరేటర్ల మోటార్లు చూసుకోవడం. గట్టు మీద నడుస్తుంటేనే తెలిసింది ఎక్కడున్నాడో. ప్రతి మోటారు పెట్టె పక్కనా ఇనుప రాడ్ దిగ్గొట్టి ఉంది, మొదట్లో నేల తడిగా ఉంది, ఉప్పు తెల్లగా కనిపిస్తోంది.

అతనికీ అదే వరుసలో చెప్పాను. చొక్కా జేబులో టెస్టరు తీసి చేతిలో తిప్పుతూ విన్నాడు. కోపం వస్తుందని, కొడతాడని కూడా అనుకునే వెళ్ళాను. అతను అడిగింది వేరే.

"అంటే ఆ రోజు రాడ్ బాగానే పడిందాండి?"

"బాగానే పడింది."

"ఫేజు, ఎర్త్ నేను తిరగెయ్యలేదా?"

"లేదు. తిరగేసి ఉంటే స్విచ్ వెయ్యగానే తెలిసేది. మీ వైరింగంతా సరిగానే ఉంది దుర్గారావు గారూ."

అతను టెస్టరు తిప్పడం ఆపాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "నేనే తిరగేశాననుకున్నానండి ఇన్నాళ్ళూ. ఆ రోజు వానలో తొందరగా కలిపాను కదా, ఏ వైరు ఎక్కడ పెట్టానో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తు రాదు. అందరూ అన్నారు, అయ్యుంటదనుకున్నాను. ఇప్పుడు ఏ ప్లగ్గైనా మూడుసార్లు విప్పి చూస్తానండి. మా ఆవిడ నవ్వుద్ది." టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. "అక్క దినానికి వెళ్ళాను. వీధిలోనే నిలబడి వచ్చేశాను. ఆవిడుండగా చెప్పుంటే బాగుండేదండి."

క్షమించమని అడుగుదామని వెళ్ళాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను.

నేను లేవబోతుంటే, ఇదంతా కాగితం మీద రాసివ్వగలరా అన్నాడు. మోటారు షెడ్డులో కూర్చుని, అతని లాగ్‌బుక్‌లోంచి చింపిన కాగితం మీద నాలుగు అంశాలూ రాశాను. ఐదోది అతను చెప్పకుండానే రాశాను. దుర్గారావు వేసిన వైరింగ్, దిగ్గొట్టిన ఎర్త్ రెండూ సరిగా ఉన్నాయి. కింద సంతకం చేశాను. అతను వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు. ఐదో దాని దగ్గర ఎక్కువసేపు ఆగాడు.

ఉత్తరం అన్నాక పైన పేరుండాలి కదా, ఎవరికని రాయమంటారు, మీ బావగారికా అని అడిగాను.

"అక్కకండి," అన్నాడు.